పైకెగసిన బంతి

బంతిని నిట్టనిలువుగా నెగురవేసినచో కొంతదూరము పోయి, యొక్క క్షణము నిలిచినట్లుండి, మరల చేతిలోనికి వచ్చును. "ఏల తిరిగివచ్చినది?" అని బిడ్డ యడిగినపుడు "చేతిబలము తీఱిపోయినది" అని చెప్పి పంపివేయుట మన యిండ్లలో వాడుక. ఆడుబిడ్డ యైనచో ఆమాత్రమును చెప్పక, పని చూచుకొమ్మనువారును గలరు. తప్పు సమాధానము చిన్ననాడే నాటుకొన్నచో, పిమ్మట పాఠశాలలో న్యూటను సూత్రము చదివినను తొలగుట కష్టము.

సోదరీమణులారా! చేయి విడిచిన పిమ్మట దాని బలము బంతివెంట పోదు; పోవునది వేగము మాత్రమే. అటుపై బంతిని లాగునది భూమి. భూమికి ఆకర్షణశక్తి కలదని భాస్కరాచార్యులు 1150లో రచించిన సిద్ధాంతశిరోమణిలోనే చెప్పియున్నారు. పడు వస్తువుల వేగమునకు లెక్క కట్టి చూపినవాడు ఇటలీ దేశపు గెలీలియో. ఆ గ్రంథము 1638లో వెలువడెను.

నేటి కొలతలలో, పైకిపోవు బంతి వేగము సెకండు సెకండునకు 9.8 మీటర్ల చొప్పున తగ్గును. దిగునపు డంతే పెరుగును. సెకండునకు 19.6 మీటర్ల వేగముతో విసరిన బంతి 2 సెకండ్లలో 19.6 మీటర్ల యెత్తు చేరి, మఱి 2 సెకండ్లలో దిగివచ్చును. గాలి యడ్డు నెంచినచో ఎత్తు కొంత తగ్గును. ఎక్కుటకంటె దిగుటకే యెక్కువ కాలము పట్టును.

కొనయందు బంతి వేగము సున్న. అప్పుడు ఆకర్షణము కూడ విడిచినదని చదువుకొన్నవారును భ్రమపడుదురు. విడిచినచో బంతి ఉట్టిమీది కుండవలె అచ్చటనే యుండవలెను గదా! నిలిచినట్లు తోచుటకు కారణము వేరు. కొనచెంత వేగము మిక్కిలి తక్కువ గనుక, ఆ 4 సెకండ్లలో 2 సెకండ్లు పై 4.9 మీటర్లలోనే గడచును.

అచ్చనగాయలాడు బాలికల కీ కిటుకు చేతివ్రేళ్లకే తెలియును. గాయను 30 సెంటీమీటర్లు ఎగురవేసినచో క్రింది గాయల నేరుకొనుటకు అర సెకండు దొరకును. ఒక సెకండు కావలెనన్న 60 సెంటీమీటర్లు చాలవు, 120 కావలయును. అంత యెత్తు విసరినచో గాయ ప్రక్కకు పోవును. నేర్పరులు తక్కువ యెత్తున విసరి, చేయి వడిగా కదపుట యిందులకే. చంద్రునిపై ఆకర్షణము ఆఱవవంతు మాత్రమే. అచ్చట అదే విసురునకు గాయ 180 సెంటీమీటర్లు ఎగసి, దాదాపు 3 సెకండ్లకు గాని చేతికి రాదు.