మతాంతరము – దేహము

మతము మార్చుకొనుట మనస్సునకు సంబంధించిన కార్యమని సువార్తిక ప్రొటెస్టెంటు బోధకులు మొదటినుండియు సిద్ధాంతము చేసిరి. 18వ శతాబ్దమున అమెరికాలో ఉజ్జీవసభలందు జనులు వణకి మూర్ఛిల్లుచుండగా, దేహవికారములు దైవానుగ్రహమునకు నిశ్చితమైన గుఱుతులు గావనియు, అంతమాత్రమున దోషములును గావనియు జోనాథన్ ఎడ్వర్డ్సు 1746లో తన గ్రంథమున నిర్ణయించెను. తెలుగునాట నీ ప్రశ్న మఱియొక రూపమున తలయెత్తినది.

1866లో ఒంగోలున నెలకొన్న అమెరికను బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర, తన్నాశ్రయించిన మాదిగలకు మూడు నియమములు విధించెను: ఆదివారము పని చేయరాదు; చచ్చిన పశువుల మాంసము తినరాదు; విగ్రహములకు మ్రొక్కరాదు. వీనిలో నొక్కటియు మనస్సులో దాచుకొనదగినది కాదు. చచ్చిన గొడ్డు నెత్తుట, తోలుపని, జాతరలకు డప్పు వాయించుట – ఇవి ఊరి కట్టుబాటు వారి దేహములపై మోపిన పనులు. డప్పు దించిననాడే తగవు పుట్టెను.

1876–78 క్షామమున క్లౌ దొర బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును గుత్తకు గొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. కూటికై మతము మార్చుకొనిరను మాట రాగూడదని 15 నెలలు బాప్తిస్మములు నిలిపెను. పిమ్మట 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో నొక్కదినముననే 2,222 మంది మునిగి లేచిరి. ముంచినవారు తెలుగు బోధకులే. ఇద్దరిద్దరు వంతులవారిగా నీట నిలిచిరి.

అయినను నింద పోలేదు. కాని వారిలో తొలివాడైన యెఱ్ఱగుంట్ల పేరయ్య రాజయోగము నభ్యసించినవాడు. క్షామమునకు పదేండ్లు ముందే, 1866లో, బాప్తిస్మము పొందినవాడు. కడుపు నిండినవాని విశ్వాసము నెవరును శంకింపరు. ఆకలిగొన్నవాని విశ్వాసమునకు మాత్రము సాక్ష్యము లడుగుదురు. ఇది న్యాయమా?

నేటి చట్టము నీ ప్రశ్నను విడువలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు హిందువు గానివానిని షెడ్యూల్డు కులస్థునిగ నెంచరాదనెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును మినహాయింపు లభించెను, క్రైస్తవులకు లభింపలేదు. ఆంధ్రదేశమున వారిని వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గమున జేర్చి, నూటి కొకపాలు కేటాయించిరి. గుండ్లకమ్మలో మునిగినవాని మనుమని చూచి, నీవు మాఱితివని చట్టము చెప్పుచున్నది. మాఱలేదని పెక్కు ఊళ్ళు చెప్పుచున్నవి. రెండును నిజము కానేరవు. అతడు ఏ దేవుని గొలుచునని యడుగుటకు ముందు, అతనిని ఏ గడప యొద్ద నిలిపివేయుచున్నారో విచారించుట న్యాయమని మేము తలంచుచున్నాము.