కప్పుకునేది ఏదయినా ఒకటేనా?

కార్తీకం వెళ్ళగానే మన ఇళ్ళల్లో అటకమీది రగ్గులు కిందికి దిగుతాయి. ఏడాదిగా మడతల్లో ఉన్న రగ్గును ఒక్కసారి దులిపి ఆ రాత్రే కప్పుకుంటారు. మర్నాటికి తుమ్ములు, ముక్కు కారడం; ఉబ్బసం ఉన్నవారికయితే ఆయాసం. "చలిగాలి తగిలిందండీ" అంటూ ఆస్పత్రికి వస్తారు. గాలిని నిందించేముందు రగ్గును అనుమానించండి. దాని దుమ్ములో కంటికి కనిపించని పురుగులుంటాయి. వాటి మలం చాలామందికి పడదు.

అసలు రగ్గులో వేడి లేదు. పోగుల మధ్య నిలిచిన గాలి మీ ఒంటి వేడిని బయటికి పోనివ్వదు, అంతే. అందుచేత బరువు ఎక్కువయితే వెచ్చదనం ఎక్కువనుకోవడం పొరపాటు. కోస్తా జిల్లాల వారికి రెండు పల్చటి నూలు దుప్పట్లు చాలునని నా అభిప్రాయం. ఉక్కపోస్తే ఒకటి తీసేయవచ్చు, తెల్లవారుజామున మళ్ళీ లాక్కోవచ్చు. లంబసింగి, ఆదిలాబాదు వైపు ఉన్ని రగ్గు కావలసిందే. ఉన్నికి దురద పుడితే కింద నూలు దుప్పటి కప్పుకోండి. అమ్మమ్మ పాత చీరలతో కుట్టిన బొంతను చిన్నచూపు చూడకండి, చెమట పీలుస్తుంది. ఉతికితే ఆరడమే కష్టం!

పసిపిల్లల సంగతి వేరు. నేను ఏజెన్సీలో పనిచేసే రోజుల్లో ఒక తల్లి నాలుగు నెలల బిడ్డను రెండు రగ్గుల్లో తలదాకా చుట్టి తెచ్చింది. జ్వరం 103 డిగ్రీలు. "చలికి వణుకుతుందేమోనని కప్పానయ్యా" అంది. ముందు రగ్గులు విప్పించాను. ఆ తర్వాతే మందు. ఏడాదిలోపు బిడ్డకు వదులుగా ఉండే దుప్పటి, బొంత, దిండు ఏవీ వద్దు. మొహంమీదికి జారితే తోసుకోలేదు. చలయితే చొక్కామీద ఇంకో చొక్కా తొడిగి వెల్లకిలా పడుకోబెట్టండి. కాళ్ళూ చేతులూ చల్లగా ఉన్నాయని కంగారుపడకండి. మెడవెనక చెయ్యి పెట్టి చూడండి. చెమట తగిలితే బట్టలు ఎక్కువయినట్టు.

రగ్గు చాలలేదని తలుపులు బిగించి బొగ్గుల కుంపటి పెట్టుకుని మాత్రం పడుకోకండి. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

దుప్పట్లను వారానికొకసారి బాగా వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరవేయండి. ఇంట్లో ఎవరికయినా గజ్జి ఉంటే అందరూ ఒకేరోజు మందు రాసుకుని, ఉతకడానికి వీల్లేని రగ్గును ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి వారం రోజులు పక్కన పెట్టండి. ఒంటికి దూరమయితే గజ్జి పురుగు ఎక్కువ రోజులు బతకదు.