ఎదగని బాలుడు, బొగ్గుల యూరు

మా పెద్దలు నేటికిని చాందా యనియే పిలుచుకొను చంద్రపురమున, వైశాఖమాసపు సాయంకాలము, ప్రొద్దు క్రుంకి ఘడియ దాటినను మేడమీది గచ్చు పాదములను చుఱ్ఱుమనిపించుచుండగా, నా మేనకోడలును ఆమె చెలికత్తెలు మువ్వురును నీళ్లు చల్లి, చాప పఱచి, నడుమ నొక లావుపాటి పుస్తకము నుంచుకొని వకీళ్లవలె వాదులాడుకొనుచుండిరి. దూరమున విద్యుత్కేంద్రపు పొగగొట్టములపై ఎఱ్ఱదీపములు వెలిగినవి. వాదము, చావులేని యొక బాలుని గూర్చి.

ఆ పుస్తకము ‘పో వంశము’. రచయిత్రి హాగియో మోతో. జపానులో బాలికలకై వెలువడు చిత్రకథలను షోజో మాంగా యందురు. ఆ ప్రక్రియలోనికి 1972లో ఆమె, మనుష్యుల ప్రాణశక్తిని పీల్చి బ్రతుకు నొక అమరజాతిని, వారి గులాబీతోటలతో సహా ప్రవేశపెట్టెను. 1974లో వచ్చిన తొలి సంపుటము 30,000 ప్రతులును మూడు దినములలో చెల్లిపోయినవి. కథానాయకుడు ఎడ్గరు పదునాలుగేండ్లకడ నాగిపోయినవాడు. తోడివారు ఎదుగుచుండ తానెదుగడు. కనుక ఇరుగుపొరుగువారు కనిపెట్టకమున్నే మూటాముల్లె సర్దుకొని వేఱొక యూరు చేరవలెను. చెల్లెలు మేరీబెల్ నశించినప్పుడు శవమైనను మిగులదు. పిదప నతడు ఆలన్ అను బాలుని కిటికీకడకు వచ్చి, తనతో రమ్మని పిలుచును.

"ప్రేమతోని తోలుకపోలే మామా, ఒంటిగ ఉండలేక తోలుకపోయిండు," అని నా మేనకోడలు.

"ఒంటిగ ఉండలేకపోవుడు ప్రేమ గాదా?"

"అడిగిండు గదా! గుంజుకపోలే."

"ఇంట్ల తనకు ఎవ్వరు లేరనుకునే పిలగాన్ని అడుగుడు గూడ అడుగుడేనా?"

ఈ చివరి మాట యన్న పిల్ల అంతవఱకు పెదవి విప్పనిది. నాకు తటాలున చందమామ స్ఫురించినది. మా యింటికి తెలుగు చందమామయు, మరాఠీ చాందోబాయు రెండును వచ్చుచుండెడివి. శవములోని బేతాళుడు కథ ముగించి ప్రశ్న వేయగా, పుట త్రిప్పకమున్నే మా యక్కయు నేనును జవాబునకై పోట్లాడుకొనెడివారము. విక్రమార్కుడు ఎప్పుడును జవాబు చెప్పెడివాడు. మోతో చెప్పదు. దయ్యాల కథలు చదివి పిల్లలు చెడిపోవుదురని దిగులుపడు తల్లిదండ్రులు ఒక్కసారి ఈ మేడమీద కూర్చుండవలెనని నా కోరిక.

మోతో 1949లో జన్మించినది క్యూషూ ద్వీపమునందలి ఒముతాలో, మీకే బొగ్గుగనుల యూరిలో. ఆమెకు పదునాలుగేండ్లున్న 1963 నవంబరులో ఆ గని ప్రేలి 458 మంది మరణించిరి. ఆ దుఃఖమే ఈ కథయైనదని నేననను. కాని ఈ పిల్లల తాతలును ఆదిలాబాదు, కరీంనగరు పల్లెలు విడిచి, ఇచ్చటి బొగ్గుబావులకును బల్లార్‌పూర్ కాగితపు మిల్లునకును వచ్చినవారే. ఇంట తెలుగు, వీధిని మరాఠీ, క్వార్టరు మాఱినప్పుడెల్ల క్రొత్త బడి. ఎడ్గరు మూట కట్టు పుటలయొద్ద వీరికి ఏ వ్యాఖ్యానమును అక్కఱలేకపోయినది.

నా మేనకోడలు ఒక పుట తెఱచి చూపినది. గళ్ల గీతలు చెఱిగిపోయి, ముఖముపై ముఖము, నడుమ గులాబీరేకులు, మనసులోని మాటలు బుడగలు విడిచి తెల్లని కాగితముపై ఒంటరిగా. కుడినుండి యెడమకు నా వ్రేలు పట్టి నడిపించినది. నలువదేండ్ల విరామానంతరము 2016లో మోతో ఈ కథను మఱల నెత్తుకొనగా, అది వెలువడిన ఫ్లవర్స్ పత్రిక ప్రతులు చాలక మఱల ముద్రింపవలసి వచ్చెనట. తొలినాటి బాలికలు అప్పటికి అరువదికి చేరువైయుందురు; ఎడ్గరునకు మాత్రము పదునాలుగే.

క్రిందినుండి అన్నమునకు పిలుపు వచ్చినది. చాప చుట్టుచుండగా, ఆ మాటకారి కాని పిల్ల పుస్తకమును ఒడిలోనికి తీసికొని, "నాన్నకు వణీకి బదిలీ అయింది, వచ్చే నెల పోతం. అందాక నా దగ్గర ఉంచుకోనా?" అనెను. నా మేనకోడలు ఏమియు ననక, పుటల నడుమ గుర్తుగా నుంచిన తన జడ రిబ్బనును తీయకుండ అటులనే యిచ్చివేసినది.