గాలికి దారిచ్చిన మట్టి బడి

మిట్టమధ్యాహ్నం పూట రేకుల ఇంట్లో ఎప్పుడైనా కూర్చున్నారా? ఎండాకాలమైతే ఇక చెప్పనక్కరలేదు. నెత్తిన నిప్పుల కుంపటి పెట్టినట్టు ఉంటుంది. పుస్తకం తెరిస్తే అక్షరం మీద చెమట చుక్క పడుతుంది. అలాంటి గదిలో వంద మంది పిల్లల్ని కూర్చోబెడితే చదువు ఏం ఎక్కుతుంది?

ఉక్కపోసే గదిలో చదువుకున్న ఒక పిల్లవాడి కథ ఇది. పెద్దయ్యాక ఆయన ఇళ్ళకు, బళ్ళకు ప్లాను గీసే చదువులో చేరారు. ఆ చదువు పూర్తి కాకముందే తన ఊళ్ళో ఒక బడి కట్టించారు. గోడలకు ఊరి మట్టినే వాడారు. గదులు చల్లబడడానికి గాలినే వాడారు. ఎలాగో తెలుసుకుందాం.

బడి లేని ఊరు

ఆఫ్రికా ఖండంలో బుర్కినా ఫాసో అనే దేశం ఉంది. పేద దేశం. అక్కడ ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. ఆ దేశంలో గాండో ఒక పల్లెటూరు. 1965లో ఆ ఊరి పెద్దకు ఒక కొడుకు పుట్టాడు. పేరు డీబేడో ఫ్రాన్సిస్ కేరే.

తండ్రి ఊరికి పెద్దే. అయినా ఏం లాభం? ఊళ్ళో బడి లేదు. అందుకని ఏడేళ్ళ పిల్లవాణ్ణి టెంకోడోగో అనే పట్నానికి పంపారు. ఆ ఊరి నుంచి బడికి వెళ్ళిన మొదటి పిల్లవాడు అతనే. పట్నం బడిలో ఒక్కో గదిలో వంద మందికి పైగా పిల్లలు. గాలి ఆడదు. వెలుతురు చాలదు. ఆ ఉక్క అతను ఎన్నడూ మరిచిపోలేదు.

సెలవులకు ఊరికి వచ్చి తిరిగి వెళ్ళేటప్పుడు ఇంటింటికీ వెళ్ళి చెప్పి రావాలి. అది అక్కడి పద్ధతి. అప్పుడు ఆడవాళ్ళు బట్టల్లో దాచుకున్న చిల్లర తీసి అతని చేతిలో పెట్టేవారు. వాళ్ళ దగ్గర ఉన్నది అంతే. ఎందుకిస్తున్నారని ఒకనాడు తల్లిని అడిగాడు. వాళ్ళ ఆశ ఆమె చెప్పింది. ఈ పిల్లవాడు చదువుకుని, ఒకనాటికి తిరిగొచ్చి ఊరికి మేలు చేస్తాడని వాళ్ళు నమ్మారు.

ఆ చిల్లర అప్పు ఎలా తీర్చాలి?

పగలు వడ్రంగం, రాత్రి చదువు

1985లో వడ్రంగం నేర్చుకోడానికి ఫ్రాన్సిస్‌కు జర్మనీలో చోటు దొరికింది. పగలు పని నేర్చుకున్నారు. రాత్రి బడిలో చదువుకున్నారు. తర్వాత బెర్లిన్ నగరంలోని సాంకేతిక విశ్వవిద్యాలయంలో చేరారు. భవనాలకు ప్లాను గీసే చదువు అది.

చదువుతుండగానే ఊరికి బడి కట్టాలని పూనుకున్నారు. 1998లో స్నేహితులతో కలిసి ఒక సంఘం పెట్టారు. చందాలు పోగు చేశారు. సెలవుల్లో ఊరికి వచ్చి పని మొదలుపెట్టారు.

మట్టితోనా?

బడి కడతానంటే ఊరంతా సంతోషించింది. మట్టితో కడతాననేసరికి అందరి ముఖాలూ మాడిపోయాయి. వాళ్ళ భయంలో తప్పు లేదు. మట్టి గోడలు వానలకు కరిగిపోవడం వాళ్ళు ఏటా చూస్తున్నదే. "ఈ మట్టి పని కోసమా అంత దూరం పోయి చదివింది?" అన్నట్టు చూశారు.

మరి సిమెంటుతోనే కట్టొచ్చు కదా? కట్టొచ్చు. కాని సిమెంటు కొనాలి. దూరం నుంచి తేవాలి. సిమెంటు గోడలు, పైన ఒట్టి రేకులు అయితే ఎండకు గది పొయ్యిలాగా అవుతుంది. మట్టి గోడ అలా కాదు. అది వేడిని తొందరగా లోపలికి రానివ్వదు. పైగా మట్టి కాళ్ళ కిందే ఉంది.

వాళ్ళలో చాలామందికి చదువు రాదు. కాగితం మీద గీసిన ప్లాను చూపిస్తే ఏం తెలుస్తుంది? అందుకే ఫ్రాన్సిస్ మాటలతో సరిపెట్టలేదు. నమూనాలు కట్టి చూపించేవారు. మట్టి కమాను కట్టి, మనుషులు దాని మీదకెక్కి గెంతారు. కమాను కూలలేదు. కంటితో చూశాక నమ్మకం కుదిరింది.

గది ఎలా చల్లబడుతుంది?

ఇందులో మాయ ఏమీ లేదు. నాలుగు సంగతులు తెలిస్తే చాలు.

మొదటిది ఇటుక. మట్టిలో కొద్దిగా సిమెంటు కలిపారు. చేత్తో తిప్పే మిషనులో గట్టిగా అదిమారు. ఆ ఇటుకల్ని బట్టీలో కాల్చలేదు. కాబట్టి కట్టెలు తగలబెట్టే పని లేదు, చెట్లు కొట్టే పని లేదు.

రెండోది రెండు కప్పులు. గది మీద ఇటుకలతో ఒక లోకప్పు వేశారు. ఆ ఇటుకల మధ్య సందులు వదిలారు. దాని పైన, బాగా ఎత్తులో రేకుల కప్పు వేశారు. ఈ రెండు కప్పుల మధ్య ఖాళీ ఉంది.

మూడోది గాలి. వేడి గాలి పైకి పోతుంది. పొయ్యి మీద పొగ పైకి లేవడం చూస్తూనే ఉన్నాం కదా! గదిలోని వేడి గాలి లోకప్పు సందుల్లోంచి పైకి పోతుంది. రెండు కప్పుల మధ్య వీచే గాలి దాన్ని బయటికి లాక్కుపోతుంది. రేకుల వేడి కూడా ఆ గాలితోనే పోతుంది, గదిలోకి దిగదు. కిటికీల నుంచి బయటి గాలి లోపలికి వస్తుంది. ఫ్యాను లేదు, కరెంటు బిల్లు లేదు.

నాలుగోది చూరు. రేకుల కప్పును గోడల కంటే బాగా బయటికి చాపారు. వాన జల్లు గోడ మీద పడదు. ఎండా పడదు. మట్టి గోడకు చూరే గొడుగు.

పెద్ద దూలాలు ఎత్తడానికి అక్కడ క్రేను లేదు. అందుకని కాంక్రీటులో వేసే మామూలు ఇనుప చువ్వల్నే కోసి, వెల్డింగు చేసి తేలికైన దూలాలు తయారుచేశారు. వాటిని మనుషులే మోశారు.

అందరి చేతులూ పడ్డాయి

పిల్లలు పునాదికి రాళ్ళు ఏరి తెచ్చారు. ఆడవాళ్ళు నీళ్ళు మోశారు. వరసగా కూర్చుని నేలను దిమ్మిస కొట్టారు. రాళ్ళతో రుద్ది నున్నగా చేశారు. కుర్రవాళ్ళు ఇటుక పని, వెల్డింగు నేర్చుకున్నారు. ఆ పని వాళ్ళకు తర్వాత వేరే చోట్ల కూడు పెట్టింది.

2001 నాటికి మూడు గదుల బడి లేచింది. మొదట 120 మంది పిల్లలు. తర్వాత గదులు పెరిగాయి. పిల్లలు 700 మంది దాకా అయ్యారు. 2004లో ఈ బడికి ఆగాఖాన్ బహుమతి వచ్చింది. ఫ్రాన్సిస్ విశ్వవిద్యాలయం చదువు పూర్తయింది కూడా ఆ ఏడాదే! 2022లో ఆయనకు ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. భవనాలకు ప్లాను గీసేవారికి ప్రపంచంలో అంతకన్నా పెద్ద గౌరవం లేదు. ఆఫ్రికా నుంచి దాన్ని అందుకున్న మొదటివారు ఆయనే.

కుండలోంచి వెలుతురు

బడి పక్కనే గ్రంథాలయం తలపెట్టారు. దాని కప్పుకు ఏం వాడారో తెలుసా? కుండలు! ఊరి ఆడవాళ్ళు చేసిన కుండలు తెచ్చారు. వాటిని సగానికి కోశారు. కప్పులో వరసగా పెట్టి చుట్టూ కాంక్రీటు పోశారు. ప్రతి కుండా ఒక కంత అయింది. వేడి అందులోంచి బయటికి పోతుంది. వెలుతురు అందులోంచి లోపలికి వస్తుంది.

మట్టి ఊళ్ళో మొదటినుంచీ ఉంది. గాలీ ఉంది. కుండ చేసే చేతులూ ఉన్నాయి. ఫ్రాన్సిస్ వాటిని తక్కువగా చూడలేదు. దూరదేశంలో నేర్చిన చదువును వాటికి జోడించారు. చిల్లర చేతిలో పెట్టిన ఆ తల్లుల నమ్మకం వమ్ము కాలేదు.

మీరూ ఆలోచించండి

మీ ఇంట్లో ఏ గది చల్లగా ఉంటుంది? ఎందుకని? వేడి గాలి పైకి పోవడానికి మీ ఇంటి కప్పులో దారి ఉందా? పాత మట్టి ఇల్లు మీ ఊళ్ళో ఏదైనా మిగిలి ఉందా? ఉంటే మధ్యాహ్నం పూట ఒకసారి లోపలికి వెళ్ళండి. తర్వాత రేకుల ఇంట్లోకి వెళ్ళండి. తేడా మీకే తెలుస్తుంది. ఆ తేడాను నాలుగు మాటల్లో రాయండి. రాసింది పది మందికీ చదివి వినిపించండి.