సింగపూరు షాప్‌హౌస్‌లు

షాప్‌హౌస్ అనగా క్రింది అంతస్తులో దుకాణం, పై అంతస్తులలో నివాసం ఉండేటట్లు, ఒకదానికొకటి ఆనుకొని వరుసగా కట్టిన పట్టణ గృహం. దీని ముఖభాగం ఇరుకుగానూ, లోపలిభాగం చాలా పొడవుగానూ ఉంటుంది. పెనాంగ్, మలక్కా మొదలైన ఆగ్నేయాసియా రేవుపట్టణాలలో ఇటువంటి ఇళ్ళు కనిపిస్తాయి. సింగపూరు నగర మధ్యభాగంలో ఇవి 19వ శతాబ్దం నుండి 1960ల వరకు నిర్మించబడ్డాయి. ఒకప్పుడు మురికివాడలుగా లెక్కింపబడి కూల్చివేతకు సిద్ధమైన ఈ ఇళ్ళే నేడు గృహాలంకరణ పత్రికలకు ప్రీతిపాత్రమైన విషయం, మరియు నగరంలో అత్యంత ఖరీదైన ఆస్తులలో ఒకటి. ఈ మార్పులో భవనాలు నిలిచాయి. వాటిలో కాపురమున్నవారు చాలావరకు వెళ్ళిపోయారు.

నిర్మాణం

1822లో సర్ స్టాంఫర్డ్ రాఫెల్స్ పట్టణ నిర్మాణ సంఘానికిచ్చిన ఆదేశాలలో, ప్రతి ఇంటి ముందూ పైకప్పు గల నడవ ఉండాలనీ, అది ఎల్లవేళలా బాటసారులకు తెరచి ఉండాలనీ నిర్దేశించాడు. దీనినే ఫైవ్ ఫుట్ వే అంటారు. మలయ్ భాషలో కాకి లిమా, అంటే ఐదడుగులు. పేరు అదే అయినా దాని వెడల్పు అన్నిచోట్లా ఒకటి కాదు. స్థలం ఇంటి యజమానిది, నడిచే హక్కు ప్రజలది. క్షురకులు, చెప్పులు కుట్టేవారు, ఉత్తరాలు రాసిపెట్టేవారు ఈ నడవలలోనే తమ వృత్తులు సాగించేవారు.

ఇంటి వెడల్పు సాధారణంగా 4 నుండి 6 మీటర్లు. ఇరుప్రక్కల గోడలపై అడ్డంగా పరచే కొయ్య దూలాల పొడవే ఈ పరిమితికి ముఖ్య కారణం. ప్రక్కగోడలు పొరుగింటితో ఉమ్మడివి కావటంతో కిటికీలు పెట్టే వీలు లేదు. అందువల్ల ఇంటి నడుమ పైకప్పు లేని ఒక ఖాళీని వదలిపెడతారు. ఎయిర్‌వెల్ అనబడే ఈ ఖాళీ నుండే వెలుతురు, గాలి, వాననీరు లోపలికి వస్తాయి. కోస్తా ఆంధ్రలోని మండువా లోగిలి చూసినవారికి ఇది కొత్తగా తోచదు. అయితే మండువా విశాలమైన స్థలంలో సౌకర్యం కోసం ఏర్పడినది. ఇక్కడ అది లేకపోతే ఇంటి మధ్యభాగం పగలు కూడా చీకటిగానే ఉంటుంది.

తొలినాటి ఇళ్ళు రెండంతస్తులవి, అలంకారం తక్కువ. 1900 తరువాత సంపన్నులైన పెరనాకన్ (చైనా, మలయ్ సంప్రదాయాలు కలిసిన) కుటుంబాల ఆదరణతో ముఖభాగాలు పింగాణీ పలకలు, పూలలతల గచ్చుపని, ఐరోపా తరహా స్తంభాలతో నిండిపోయాయి. పలకలు మొదట బ్రిటన్, బెల్జియం వంటి దేశాల నుండి, తరువాత జపాన్ నుండి దిగుమతి అయ్యేవి. 1930లో కట్టిన పెటేన్ రోడ్‌లోని 18 ఇళ్ళ వరుస ఈ శైలికి మంచి ఉదాహరణ. ఆ పిదప వచ్చిన ఆర్ట్ డెకో ఇళ్ళలో ఈ అలంకారమంతా సరళ రేఖలకు తగ్గిపోయింది.

శిథిలదశ

వలస కార్మికులు పెరిగేకొద్దీ పై అంతస్తులను చెక్క అడ్డగోడలతో చిన్నచిన్న గదులుగా విభజించి అద్దెకిచ్చారు. వీటిలో చాలావాటికి కిటికీ ఉండేది కాదు. ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం. చైనాటౌన్‌లోని అప్పర్ నాంకిన్ స్ట్రీట్ నివాసులపై 1950లలో బారింగ్టన్ కే జరిపిన అధ్యయనం ఈ జీవితాన్ని వివరంగా నమోదు చేసింది.

1947 నాటి అద్దె నియంత్రణ చట్టం పాత భవనాల అద్దెలను పెరగకుండా ఆపింది. అద్దె చాలనందున యజమానులు మరమ్మతులు మానుకున్నారు. అద్దెదారును ఖాళీ చేయించటం కష్టం కాబట్టి పడగొట్టి కొత్తవి కట్టనూ లేకపోయారు. ఇళ్ళను శిథిలం చేసిన చట్టమే వాటిని అప్పటివరకు మిగిల్చిందని చెప్పవచ్చు.

1960లో గృహనిర్మాణ సంస్థ ఏర్పడి నివాసులను బహుళ అంతస్తుల ఫ్లాట్లకు తరలించసాగింది. నీటి కుళాయి, సొంత మరుగుదొడ్డి గల ఆ ఫ్లాట్లకు చాలామంది ఇష్టపూర్వకంగానే వెళ్ళారు. ఖాళీ అయిన వీధులు పలుచోట్ల నేలమట్టమయ్యాయి. మార్కెట్ స్ట్రీట్‌లో నాట్టుకోట్టై చెట్టియార్లు వడ్డీ వ్యాపారం చేసిన షాప్‌హౌస్‌లు 1970లలో అలాగే పోయాయి. వాటిని కిట్టంగి అనేవారు. తెలుగు గిడ్డంగికి ఇది దగ్గరి మాట.

పరిరక్షణ మరియు నవీకరణ

పట్టణ పునరభివృద్ధి సంస్థ 1986లో పరిరక్షణ ప్రణాళికను ప్రకటించింది. తాంజోంగ్ పాగార్‌లో నమూనాగా కొన్ని ఇళ్ళను బాగుచేసి చూపిన పిదప, 1989 జూలై 7న చైనాటౌన్, లిటిల్ ఇండియా, కంపోంగ్ గ్లామ్, బోట్ కీ, ఎమరాల్డ్ హిల్ మొదలైనవి చట్టబద్ధ పరిరక్షణ ప్రాంతాలయ్యాయి. నేడు రక్షిత భవనాల సంఖ్య 7,000 దాటింది. వాటిలో అధికభాగం షాప్‌హౌస్‌లే.

ఉన్నదానిని వీలైనంత నిలుపుట, పోయినదానిని తగురీతిలో పునరుద్ధరించుట, జాగ్రత్తగా మరమ్మతు చేయుట అనేవి సంస్థ సూత్రాలు. చారిత్రక ప్రాంతాలలో ముఖభాగంతో పాటు ప్రక్కగోడలు, కొయ్య అంతస్తులు, ఎయిర్‌వెల్, పెంకుల కప్పు కూడా నిలపాలి. జూ చియాట్ వంటి శివారు ప్రాంతాలలో ముందు భాగం ఉంచి, వెనుక ఎత్తుగా కొత్త కట్టడం చేర్చుకోవచ్చు.

పనిలో మెళకువ కంటికి కనబడని చోటనే ఎక్కువ. పాత ఇటుక గోడలు నేలలోని తేమను పీల్చి సున్నపు పూత ద్వారా బయటకు వదులుతాయి. వాటిపై సిమెంటు, ప్లాస్టిక్ రంగులు వేస్తే తేమ లోపలే నిలిచి, పూత పెచ్చులూడిపోతుంది. పోస్టుకార్డులలో కనిపించే గాఢమైన రంగులు కూడా చాలావరకు ఇటీవలివి. పూర్వం సున్నంలో నీలిమందో రంగుమన్నో కలిపిన లేతరంగులే వాడేవారు. లోపల వాస్తుశిల్పుల ప్రతిభకు పరీక్ష ఎయిర్‌వెల్ వద్ద. కొందరు దాని క్రింద చిన్న కొలనునో చెట్టునో ఉంచి, చుట్టూ మెట్లు త్రిప్పుతారు. కొన్ని ఇళ్ళలో పైన గాజు కప్పి ఏసీ పెట్టారు. అప్పుడు వెలుతురు మిగులుతుంది గాని గాలి మిగలదు.

పాత ఇంటి లోపలిని ఉన్నదున్నట్లు చూడదలచినవారికి నీల్ రోడ్‌లోని 157వ నంబరు ఇల్లు ఉంది. 1890లలో కట్టిన ఈ నీలిరంగు పెరనాకన్ గృహాన్ని సింగపూరు జాతీయ విశ్వవిద్యాలయం పునరుద్ధరించి 2008లో బాబా హౌస్ పేరుతో ప్రారంభించింది. మొదటి రెండు అంతస్తులను 1928 నాటి రూపంలో అమర్చారు.

నివాసులు

పరిరక్షణకు ఎదురైన ముఖ్య విమర్శ వాస్తుకు సంబంధించినది కాదు. సరుకు పడవలను 1983లో నదినుండి తరలించాక బోట్ కీలోని గోదాములు భోజనశాలలుగా, మద్యశాలలుగా మారాయి. ఇతర వీధులలో కార్యాలయాలు, హోటళ్ళు వచ్చాయి. అద్దె నియంత్రణ 1980ల చివరినుండి దశలవారీగా తొలగి, 2001లో చట్టమే రద్దయింది. శవపేటికలు చేసేవారు, బుట్టలల్లేవారు, మూలికల అంగళ్ళవారు కొత్త అద్దెలను భరించలేకపోయారు. లిటిల్ ఇండియా, చైనాటౌన్‌ల కేంద్రభాగాలలో ఆ ప్రాంత స్వభావానికి తగని కొన్ని వ్యాపారాలను క్రింది అంతస్తులో అనుమతించకుండా నిబంధన పెట్టారు. అద్దె ఎంత ఉండాలన్నది మాత్రం మార్కెట్టుకే వదిలారు.