రెండు కోలన్ల కథ

మహదేవపూర్‌లో కాళేశ్వరం బస్సెక్కి "కాళేశ్వరం, అన్నా" అంటే కండక్టర్ ఒక్క టికెట్ కొడతాడు. "కాళేశ్వరం మూడు" అంటే మూడు. సంఖ్య చెప్పకపోతే ఒకటేనని బస్సులో అందరికీ తెలుసు. నోటు చాపి "కాళేశ్వరం, వంద" అన్నామనుకోండి, ఆ వంద టికెట్ల లెక్క కాదని కండక్టర్ మన చేతిని చూసి పోల్చుకుంటాడు. కంప్యూటర్‌కు చేయి కనబడదు. దానికి అందేవి మాటలొక్కటే, అవీ వరసగా. చెప్పినా చెప్పకపోయినా చెల్లే ఆ సంఖ్యను కనిపెట్టాల్సిన పని గెటాప్ట్ అనే చిన్న యంత్రం మీద పడింది. అది ఇనుముతో చేసింది కాదు, సి భాషలో రాసిన ఫంక్షన్. అయినా యంత్రమనే అంటాను. ఒకవైపు మాటల కుప్ప పోస్తే మరోవైపు ఆప్షన్లు (కమాండ్ ఎలా పనిచేయాలో చెప్పే మాటలు), వాటి విలువలు వేరుపడి వస్తాయి.

యూనిక్స్ తొలి ఏళ్లలో ఏ కమాండ్ దారి దానిదే. ఆప్షన్ ముందు ఒకదానికి హైఫన్, మరొకదానికి ప్లస్. టార్‌కు హైఫన్ లేకపోయినా పరవాలేదు, డీడీకి ప్రతిదీ సమానం గుర్తుతో చెప్పాలి. ఈ రెండూ నేటికీ అలాగే ఉన్నాయి. అన్నిటికీ ఒకే పద్ధతి ఉండాలని బెల్ ల్యాబ్స్ వాళ్లు రాసుకున్నదే గెటాప్ట్. 1980 నాటికే అది ఉంది. 1985లో డల్లాస్‌లో జరిగిన యూనిఫోరం సదస్సులో ఏటీ అండ్ టీ దాన్ని ఎవరైనా వాడుకునేలా బయటపెట్టింది. ఆ తర్వాత బర్కిలీ యూనిక్స్ తీసుకుంది, పోసిక్స్ ప్రమాణంలోనూ చేరింది.

దీని కీలకమంతా ఒక చిన్న అక్షరాల వరసలో ఉంది. 'ఎబి:' అని రాసిస్తే, ఎ ఒంటరి ఆప్షన్, పక్కన కోలన్ ఉన్న బి వెంట విలువ తప్పనిసరి అని అర్థం. (ఇక్కడ తెలుగులో రాస్తున్నా, టైపు చేసేవి ఇంగ్లీషు అక్షరాలే.) బి కనబడగానే యంత్రం ముందు అదే మాటలో మిగిలిన అక్షరాలు చూస్తుంది. ఏమీ మిగలకపోతే పక్క మాటను లాక్కుంటుంది. తప్పనిసరి కాబట్టి అనుమానానికి చోటు లేదు.

గ్నూ ప్రాజెక్టు వాళ్లు దీనికి రెండో కోలన్ చేర్చారు. 'సి::' అంటే విలువ ఉండవచ్చు, లేకపోవచ్చు. అప్పుడు పక్క మాట విలువా, లేక ఫైలు పేరా? ఎలా తెలుస్తుంది? వాళ్లు కఠినమైన నియమం పెట్టారు: విలువ ఇస్తే ఆప్షన్‌కు అంటించే ఇవ్వాలి, పక్క మాటను యంత్రం చూడనే చూడదు. పొడుగు పేర్లయితే మధ్యలో సమానం గుర్తు ఉండాలి, '--కలర్=ఆటో' లాగ. తెలుగువాళ్లకు ఇది వింతేమీ కాదు. 'ఊరికి'లో 'కి' ఊరును అంటిపెట్టుకునే ఉంటుంది, విడగొడితే ఆ పని చేయదు.

పోసిక్స్ మాత్రం ఆప్షన్‌కు ఇచ్చే విలువ ఐచ్ఛికంగా ఉండకూడదని తన ఏడో మార్గదర్శకంలో చెప్పింది. ఆ జాగ్రత్త ఎందుకో తెలియాలంటే సెడ్ కమాండ్‌లోని '-ఐ'ని చూడాలి. ఫైలును అక్కడికక్కడే మార్చమని దానర్థం. లినక్స్‌లో పాత ప్రతి పేరు చివర పెట్టాల్సిన తోక ఐచ్ఛికం, మ్యాక్‌లో తప్పనిసరి. లినక్స్‌కు అలవాటుపడి మ్యాక్‌లో '-ఐ -ఇ' అని కొట్టాను. ఫోల్డరంతా '-ఇ' తోకలున్న ఫైళ్లు పుట్టుకొచ్చాయి. రెండో ఆప్షన్‌ను అది తోకగా మింగేసింది! లినక్స్‌లో ఆ రెండూ కలిపి '-ఐఇ' అని కొట్టినా ఇంతే, 'ఇ' తోక అవుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో '-పి' తర్వాత ఖాళీ వదిలి పాస్‌వర్డ్ రాస్తే అది డేటాబేస్ పేరైపోతుంది. వీటిలో ప్రోగ్రాములను బిల్డ్ చేసే మేక్ ఒక్కటే కాస్త తెలివిగా ఉంటుంది: '-జె' పక్కన అంకె కనబడితే విలువగా తీసుకుంటుంది. అంకె ఇవ్వకపోతే ఒకేసారి నడిపే పనులకు హద్దు ఉండదు, చిన్న ల్యాప్‌టాప్ మెమరీ చాలక నిలిచిపోవచ్చు.

ఈ చిక్కును నాకు విడమరచి చూపింది పైథాన్. 2010లో 2.7తో దాని ప్రామాణిక లైబ్రరీలో చేరిన ఆర్గ్‌పార్స్ గెటాప్ట్ లాంటిదే. అందులో విలువ ఐచ్ఛికమని ప్రశ్నార్థకం పెడితే మూడు స్థితులుంటాయి. ఆప్షన్ అసలు రాకపోతే ఒక విలువ, ఒంటరిగా వస్తే ఇంకొకటి, విలువతో వస్తే ఆ విలువే. మొదటి రెండిటి మధ్య తేడాను మరచిపోవడమే చాలా పొరపాట్లకు మూలం. అయితే ఆర్గ్‌పార్స్ పక్క మాటను తీసుకుంటుంది కాబట్టి ఫైలు పేరును మింగే ప్రమాదం దానికీ ఉంది.

నా మట్టుకు ఒంటి అక్షరానికి ఐచ్ఛిక విలువ వద్దు. పొడుగు పేరుకు సమానం గుర్తుతో అయితే సరే. ఏ పద్ధతి ఎంచుకున్నా అది వాడేవాళ్లకు తెలియాలి. స్వేచ్ఛ వంటి సంస్థలు లినక్స్ మెనూలను తెలుగులోకి తెచ్చాయి. గెట్‌టెక్స్ట్ అనే అనువాద సాధనంతో హెల్ప్ పాఠాన్నీ తెలుగులో చూపించవచ్చు. మీరు ప్రోగ్రామ్ రాస్తుంటే, విలువ ఇవ్వకుండా వదిలేస్తే ఏం జరుగుతుందో అందులో ఒక్క వాక్యం తెలుగులో రాయండి.