పండగ వంటకి నీళ్ల లెక్క

సంక్రాంతికి ఇరవై మంది భోజనానికి వస్తున్నారన్నావు కదా తల్లీ, నువ్వు రాసుకున్న వంటల జాబితా చూశాను. అరిసెలు, జంతికలు, పులిహోర, గారెలు, పూర్ణం బూరెలు, ముద్దపప్పు, గుమ్మడికాయ దప్పళం, గుత్తివంకాయ, పెరుగు, పరమాన్నం. బాగుంది, ఒక్కటి కూడా తీసెయ్యక్కర్లేదు. కాకపోతే అరిసెలు తప్ప మిగతావన్నీ పండగ పొద్దున్నే మొదలుపెడదామనుకుంటున్నావు చూడు, కంగారంతా అక్కడ పుడుతుంది.

ముందు నీ పొయ్యి సంగతి చూద్దాం. నలుగురికి అన్నం వండాలంటే లీటరు నీళ్లు ఎసరు పెడతావు. ఇరవై మందికి రెండున్నర కిలోల బియ్యం అనుకుంటే ఐదు లీటర్ల ఎసరు కావాలి. పొయ్యి మాత్రం అదే, మంటా అదే. పెద్ద బర్నర్ నుంచి గిన్నెలోకి కిలోవాటున్నర వేడి చేరుతుందనుకుందాం. 20 డిగ్రీల దగ్గరున్న లీటరు నీళ్లు మరగడానికి నాలుగు నిమిషాలు చాలు. అవే ఐదు లీటర్లైతే దాదాపు 19 నిమిషాలు, అదీ మూత పెడితే. బియ్యం ఇంకా పడనే లేదు! ఒక్క అన్నానికే ఇలా ఉంటే పప్పు, దప్పళం, పరమాన్నం, బూరెల మూకుడు అన్నీ నీ పొయ్యికున్న మూడు బర్నర్ల కోసం వరస కట్టాలి. భోగి ముందురోజు పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్లు ఆగినట్టు ఆగుతాయి. ఇద్దరు మనుషులు అదనంగా వచ్చి సాయం పట్టినా నాలుగో బర్నర్ పుట్టుకురాదు కదా. అందుకే పండగ పొద్దున పొయ్యి ఎక్కే గిన్నెల్ని తగ్గించాలి. ఏ వంట ముందే చేసిపెట్టుకోవచ్చు, ఏది అప్పటికప్పుడు చెయ్యాలి అన్నది మన ఇష్టం మీద లేదు. ఆ వంటలో ఉన్న నీళ్ల మీద ఉంది.

వంట పాడవడమంటే ఏమిటి? మనకంటే ముందు సూక్ష్మజీవులు దాన్ని తినడం మొదలుపెట్టాయని. వాటికి తిండి ఉంటే చాలదు, నీళ్లు కావాలి. మొత్తం నీళ్లు ఎన్నున్నాయన్నది కాదు, వాటికి అందే నీళ్లు ఎన్నున్నాయన్నది చూడాలి. ఉప్పో బెల్లమో బాగా కలిసినచోట నీళ్లు ఆ ఉప్పుకో బెల్లానికో కట్టుబడిపోతాయి. సూక్ష్మజీవి అక్కడ పడితే నీళ్లు తాగడం మాట అటుంచి, దాని ఒంట్లో ఉన్న నీళ్లే బయటికి లాగేసుకుపోతాయి. ఆస్ట్రేలియాలో డబ్ల్యూ. జె. స్కాట్ అనే శాస్త్రవేత్త 1950లలో ఈ అందుబాటు నీటికీ సూక్ష్మజీవుల పెరుగుదలకీ ఉన్న సంబంధాన్ని కొలిచి చూపించాడు. ఆ కొలతలో ఉత్త నీళ్లకి ఒకటి అని లెక్క వేసుకుంటారు. చాలా బ్యాక్టీరియాలకి 0.9 పైన ఉండాలి. బూజులు ఇంకా తక్కువలో కూడా బతుకుతాయి. 0.6 కిందికి వెళితే ఏదీ పెరగలేదు. అన్నం, పప్పు, కూరలు దాదాపు ఒకటి దగ్గరే ఉంటాయి. అంటే మనకెంత రుచో వాటికీ అంతే రుచి.

ఇప్పుడు అరిసెలు చూడు. బియ్యం రాత్రంతా నానబెడతాం, కొందరు రెండు రోజులు కూడా నీళ్లు మారుస్తూ నానబెడతారు. నీళ్లు వడకట్టి తడిపిండి కొట్టిస్తాం. అంత నీళ్లతో మొదలైన వంట, నెలరోజులు డబ్బాలో కదలకుండా ఎలా ఉంటోంది? పాకం వల్ల. బెల్లం నీళ్లు కాగుతున్నకొద్దీ నీళ్లు ఆవిరైపోతాయి, బెల్లం పాలు పెరుగుతుంది, దాంతోపాటు మరిగే ఉష్ణోగ్రతా పెరుగుతుంది. మీ అమ్మమ్మ పళ్లెంలో చన్నీళ్లు పోసి అందులో పాకం చుక్క వేసి, వేళ్లతో ఉండ చేసి చూసేది. మెత్తటి ఉండ కట్టిందంటే పాకం 115 డిగ్రీల చుట్టుపక్కల ఉందన్నమాట. ఆ దశలో నూటికి 85 పాళ్ల దాకా బెల్లమే, నీళ్లు 15 పాళ్లు. ఆ వేలికొసల్లో థర్మామీటరు ఉండేది, తల్లీ. ఆ చేతుల పనిని నేను ఏ ప్రయోగశాల పనికన్నా తక్కువగా చూడలేను. పాకం లేతగా ఉంటే నూనెలో అరిసె విచ్చుకుపోతుంది, ముదిరితే గట్టిపడిపోతుంది. నూనెలో వేశాక ఇంకాస్త నీరు పోతుంది. చెక్కల మధ్య ఒత్తితే మిగులు నూనె పోతుంది. పండక్కి వారం ముందు చేసినా దిగులు లేదు.

జంతికలూ అంతే. తెలంగాణలో సంక్రాంతికి చేసే సకినాలు కూడా. వాటిని చేత్తో చుట్లు చుట్లుగా బట్ట మీద అల్లి కాసేపు వదిలేస్తారు చూశావా, తడి కొంత బట్ట పీల్చుకున్నాకే నూనెలో వేస్తారు. వీటికి సూక్ష్మజీవుల భయం లేదు, భయం రెండు వైపుల నుంచి. ఒకటి గాలిలో తేమ. వేడిగా ఉండగానే డబ్బా మూత పెట్టావంటే లోపలి ఆవిరే నీరై మళ్లీ వాటిమీదే పడి మెత్తబడతాయి. పూర్తిగా చల్లారనివ్వు. రెండోది గాలిలో ఆక్సిజన్. అది నూనెతో కలిసి పాతనూనె వాసన తెస్తుంది, వెలుతురు తగిలితే ఇంకా తొందరగా. అందుకని గాజుసీసా కంటే స్టీలు డబ్బా మంచిది, అంచుదాకా నింపిన డబ్బా మరీ మంచిది.

నీళ్లు ఉండి కూడా నిలవ ఉండే వంటలు కొన్ని ఉన్నాయి. వాటిని పులుపు కాస్తుంది. చింతపండులో టార్టారిక్ ఆమ్లం దండిగా ఉంటుంది, అంత పులుపులో చాలా బ్యాక్టీరియాలు బతకలేవు. పులిహోర పులుసు రెండు మూడు రోజుల ముందే చేసెయ్యి. పసుపు, ఉప్పు, పచ్చిమిర్చి, కాస్త బెల్లం వేసి నూనె పైకి తేలేదాకా ఉడికించు. నూనె తేలిందంటే నీళ్లు చాలామటుకు పోయాయని అర్థం. పులుపు, ఉప్పు, తక్కువ నీరు, మూడు కాపలాలు. చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టు. పండగ పొద్దున అన్నం కాస్త పలుకుగా వండి వెడల్పాటి బేసిన్‌లో ఆరబోసి కలిపితే అయిపోయింది. వేడన్నంలో మెతుకు పైన ఉన్న పిండిపదార్థం జిగటగా ఉంటుంది, ఆరుతున్నకొద్దీ అది గట్టిపడి మెతుకులు విడివిడిగా వస్తాయి. దానికి తగిన బియ్యం కావాలి. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో వచ్చిన బీపీటీ 5204, అదే మనం సాంబమసూరి అనేది, దీనికి చక్కగా కుదురుతుంది. కలిపాక గంటో రెండు గంటలో ఆగితే పులుపు మెతుకు లోపలికి దిగుతుంది. కాబట్టి పులిహోరని అన్నిటికంటే ముందు ముగించు. పోపులో పల్లీలు మాత్రం సగం వడ్డించే ముందు వెయ్యి, లేకపోతే మెత్తబడతాయి.

భోగి నాడు సాయంత్రం చెయ్యాల్సిన పని కొంచెం ఎక్కువే. పూర్ణం ఉడికించి ఉండలు చేసి ఫ్రిజ్‌లో పెట్టు. దాంట్లోనూ బెల్లం ఉంది కానీ శనగపప్పు తేమ ఎక్కువ, అరిసెలా బయట నిలవదు. మినప్పప్పు మూడు నాలుగు గంటలు నానాక, నీళ్లు చిలకరిస్తూ గట్టిగా రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టు. ఉప్పు వెయ్యకు. ఉప్పు నీరు ఊరించి పిండిని జారుగా చేస్తుంది. పొద్దున ఉప్పు వేసి చేత్తో బాగా గిలక్కొట్టు. మినుములో ఉన్న మాంసకృత్తులూ జిగురూ కలిసి గాలిబుడగల్ని పట్టుకుంటాయి, గారె లోపల గుల్లగా రావడం దానివల్లే. పిండి చుక్క నీళ్లలో వేస్తే తేలాలి.

పెరుగు తోడు కూడా ఆ రాత్రే. జనవరి చలికి పెరుగు తోడుకోదని అందరూ విసుక్కుంటారు. పాలు 40 నుంచి 45 డిగ్రీల మధ్య, అంటే వేలు పెడితే బాగా గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడు వేసి, ఆ వేడి పోకుండా గిన్నెని హాట్‌ప్యాక్‌లో గానీ బియ్యం డబ్బాలో గానీ పెట్టు. గుమ్మడికాయ, చిక్కుళ్లు తరిగి పెట్టుకోవచ్చు. వంకాయ మాత్రం వద్దు. కోస్తే దాని కణాల్లోని ఎంజైము గాలి తగిలి నల్లబరుస్తుంది. పొద్దున కోసి ఉప్పునీళ్లలో వెయ్యి, కూరే కాబట్టి గంటలో పొయ్యి ఎక్కుతుంది. దాని కారం మాత్రం ముందే కొట్టి ఉంచుకో.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్తాను, వినాలి. ముందుగా చేసుకోవచ్చన్నాను కదాని భోగి రాత్రే పప్పు, అన్నం వండి బయట పెట్టకు. బియ్యంలో బాసిలస్ సీరియస్ అనే బ్యాక్టీరియా గింజలు ఉంటాయి, స్పోర్లంటారు. ఉడికినా చావవు. అన్నం మెల్లగా చల్లారుతుంటే అవి మొలకెత్తి పెరిగి విషం వదులుతాయి. ఆ విషంలో ఒక రకం మళ్లీ వేడి చేసినా పోదు. పండగ భోజనాల తర్వాత వాంతులు పట్టుకుంటే నెయ్యి ఎక్కువైందనో దిష్టి తగిలిందనో అంటారు. చాలాసార్లు తప్పు గంటల తరబడి వెచ్చగా కూర్చున్న గుండిగది. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియాలకి సుఖంగా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వండినది రెండు గంటలకి మించి బయట వదలొద్దనే చెబుతుంది.

పెద్ద గుండిగకి ఇంకో చిక్కు ఉంది. గిన్నె కొలతలు అన్నివైపులా రెట్టింపైతే లోపల పట్టేది ఎనిమిది రెట్లు అవుతుంది, వేడి బయటికి పోయే ఉపరితలం నాలుగు రెట్లే అవుతుంది. అంటే ఇంట్లో గిన్నెడు పప్పు చల్లారే సమయానికి గుండిగలో నడిబొడ్డు ఇంకా వెచ్చగానే ఉంటుంది. ఆ వెచ్చదనం పైకి తెలీదు. అందుకే మిగిలినవాటిని లోతు తక్కువ గిన్నెల్లోకి, పళ్లేల్లోకి పంచి చల్లార్చాలి. ఇరవై మంది వచ్చే ఇంట్లో పెద్ద గుండిగ ఒకటి ఉంటే, వెడల్పాటి పళ్లేలు నాలుగు ఉండాలి.

పండగ పొద్దున ఇక పొయ్యి మీద వరస సులువే. పులిహోర అన్నం మొదట. తర్వాత ఆ బర్నర్ మీదే దప్పళం, అది ఉడికేలోపు పక్కన కుక్కర్‌లో పప్పు. కుక్కర్‌లో ఒత్తిడి వల్ల నీళ్లు 120 డిగ్రీల దాకా వెళ్లి పప్పు తొందరగా మెదుగుతుంది, దించాక కూడా చాలాసేపు వేడిగా ఉంటుంది, కాబట్టి దానికి తొందర లేదు. పరమాన్నంలో బెల్లం పొయ్యి మీద వెయ్యకు. బెల్లంలోని పులుపూ లవణాలూ మరిగే పాలని విరగ్గొడతాయి. దించి, కాస్త వేడి తగ్గాక కలుపు. కొంచెం జారుగా ఉండగానే దించు, ఆరాక చిక్కబడుతుంది. పోపులన్నీ చివర్న. ఇంగువ, కరివేపాకు వాసనలు గాల్లో కలిసిపోయే రకం, గంట ముందు వేస్తే వాసన వంటింటికి దక్కుతుంది గానీ విస్తరికి దక్కదు.

గారెల విషయంలో నా మాట వేరు. వేడి గారె రుచి నాకు తెలుసు. నూనెలో ఉన్నంతసేపు లోపలి నీరు ఆవిరై బయటికి తోస్తూ నూనెని రానివ్వదు. తీశాక ఆవిరి చల్లబడి, అప్పుడు పైనున్న నూనె లోపలికి పీల్చుకుంటుంది. తీసిన వెంటనే జల్లెడలో వేసి నూనె వడకడితే తేలిగ్గా ఉంటుంది. కానీ ఇరవై మందికి వేడివేడిగా వడ్డించాలంటే ఒకరు మూకుడు దగ్గరే నిలబడాలి. మీ అమ్మమ్మ ఎన్నో పండగలకి అలా నిలబడి, అందరూ లేచాక చివరి పంక్తిలో ఒక్కతే కూర్చుని తినేది. మేం అప్పుడు దాన్ని మామూలుగా తీసుకున్నాం. నువ్వు అలా తినకూడదు. సగం పిండితో భోగి రాత్రే గారెలు వేసి, గోరువెచ్చని నీళ్లలో ముంచి తీసి, అప్పటికే తోడుకున్న పెరుగులో వేసి ఫ్రిజ్‌లో పెట్టు. ఆవిరి వెళ్లిన గుల్లల్లోకి రాత్రంతా పెరుగు దిగి, మర్నాటికి ఆవడలు అప్పటికప్పుడు చేసినవాటికంటే బాగుంటాయి. బూరెలు మాత్రం భోజనానికి అరగంట ముందు వేయించండి. మీ ఆయన్ని పక్కన నిలబెట్టుకో, ఒకరు ముంచి వేస్తే ఒకరు తీస్తారు. విస్తళ్లు వేసేసరికి పొయ్యి కట్టేసి ఉండాలి. అందరితోపాటు నీకూ ఒక విస్తరి వేయించుకో.

భోజనాలయ్యాక కబుర్లలో పడి గిన్నెలు మర్చిపోతారు, రెండు గంటలు ఇట్టే గడుస్తాయి. ఫోన్లో గంట పెట్టుకో. అన్నం, పప్పు, పరమాన్నం పళ్లేల్లో సర్ది లోపల పెట్టు. పొద్దున అన్నం బిరుసుగా ఉంటే కంగారుపడకు, చల్లదనానికి పిండిపదార్థం గట్టిపడింది, నాలుగు చుక్కలు నీళ్లు చల్లి ఆవిరి పట్టిస్తే మళ్లీ మెత్తబడుతుంది. వెళ్లేవాళ్లకి అరిసెలు కట్టివ్వు, దారిలో వాటికేం కాదు. కనుమ నాడు మినుము తినాలంటారు కాబట్టి మిగిలిన పిండి ఆ రోజుకే ఉంచు. ఫ్రిజ్‌లో ఉన్నా అప్పటికి కాస్త పులిసి గారెకి అంత బాగుండదు, కొంచెం బియ్యప్పిండి, ఉల్లిపాయ ముక్కలు, జీలకర్ర కలిపి పునుగులు వేసెయ్యి.